ఆన్‌లైన్ పాల లెక్కల షీటు మందగించడం - కారణాలు, నివారణ

సంఘాల పాల లెక్కలు కాగితపు రిజిస్టర్ల నుండి ఆన్‌లైన్ షీట్లకు మారిన తరువాత కార్యదర్శుల నుండి మేము తరచుగా వింటున్న ఫిర్యాదు ఒకటున్నది. ఏప్రిల్ నెలలో చకచకా పనిచేసిన షీటు దసరా నాటికి నెమ్మదిస్తున్నది. సంక్రాంతి నాటికి తెరుచుకోవడానికే ఆలస్యమవుతున్నది. ఒక గడిలో లీటర్ల అంకె సరిదిద్దితే, మొత్తాలు మారేవరకు చేతులు ముడుచుకొని కూర్చోవలసి వస్తున్నది. ఇంటర్నెట్టు బాగులేదని కొందరు, కంప్యూటరు పాతబడిందని కొందరు భావిస్తున్నారు. నిజానికి పెక్కు సందర్భాలలో లోపం ఈ రెండింటిలోను లేదు. షీటును మనం అమర్చుకొన్న తీరులో ఉన్నది. ఆ తీరు మార్చుకోవడానికి కొత్త యంత్రం గాని, ఖర్చు గాని అవసరం లేదు.

ఇది కేవలం కార్యదర్శి విసుగుకు సంబంధించిన విషయమైతే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. పదిహేను రోజులకొకసారి వచ్చే పాలబిల్లు మీద దాణా బాకీ, కిరాణా పద్దు, పిల్లల ఫీజు ఆధారపడి ఉంటవి. బిల్లుల నాడు షీటు మొరాయిస్తే చెల్లింపుల జాబితా బ్యాంకుకు ఒకరోజు ఆలస్యంగా చేరుతుంది. మధ్యలో ఆదివారమో పండుగో పడితే ఆ ఒకరోజు కాస్తా మూడు రోజులవుతుంది. "మా పాలపైసలు ఎప్పుడు పడ్తయి తమ్మీ?" అని అడిగే సభ్యురాలికి "షీటు తిరుగుతున్నదక్కా" అనే జవాబు ఎన్నిసార్లు చెప్పగలం? సంఘం క్యానులో పడవలసిన పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి మళ్ళడానికి అటువంటి జవాబులు రెండు మూడు చాలును.

కంప్యూటరులో గడుల పట్టీ నిన్న మొన్నటి వస్తువు కాదు. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు "విసికాల్క్" అనే పేరుతో దీనిని వెలువరించారు. గూగుల్ సంస్థ 2006లో ఇంటర్నెట్టు ద్వారా పలువురు ఒకే పట్టీ మీద పనిచేసే ఏర్పాటు చేసింది. నాటి నుండి నేటి వరకు దీని ప్రధాన గుణం ఒక్కటే: ఒక గడిలోని అంకె మారితే, దానిపై ఆధారపడిన గడులన్నీ తమంతట తామే తిరిగి లెక్కించుకొంటవి. మన రిజిస్టరులో ఈ గుణం లేదు. రిజిస్టరులో ఒకసారి వేసిన మొత్తం అట్లాగే ఉంటుంది. షీటులో ఫార్ములా ఉన్న ప్రతి మొత్తం ఎప్పటికప్పుడు కొత్తగా వేయబడుతూనే ఉంటుంది. ఈ గుణం మనకు మేలు చేస్తున్నది. పాత లెక్కల విషయంలో ఇదే మనకు భారమవుతున్నది.

ఎంత భారమో చూడడానికి ఒక సంఘాన్ని ఊహించుకుందాం. 120 మంది సభ్యులు, రోజుకు రెండు పూటలు. అందరూ పాలు పోస్తే రోజుకు 240 వరుసలు, పదిహేను రోజుల బిల్లుకు 3,600 వరుసలు, సంవత్సరానికి 87,600 వరుసలు. తేదీ, పూట, సభ్యుని నంబరు, పేరు, లీటర్లు, వెన్న శాతం, లాక్టోమీటరు రీడింగు, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, మొత్తం ఇత్యాదులన్నీ కలిపి వరుసకు 14 గడులు అనుకొంటే సంవత్సరానికి 12,26,400 గడులు. గూగుల్ షీటులో ఒక ఫైలుకు ఉన్న 50 లక్షల గడుల పరిమితిని 2022లో కోటికి పెంచారు. కనుక మన ఒక్క సంఘానికి చోటు చాలదన్న చింత లేదు. అయితే పట్టడం వేరు, పరుగెత్తడం వేరు. బండిలో పట్టిన బరువునంతా ఎడ్లు లాగగలవని కాదు గదా.

ఇప్పుడు ఫార్ములాల సంగతి చూద్దాం. సభ్యునివారీగా బిల్లు వేయడానికి పెక్కుమంది "సమ్-ఇఫ్" తరగతికి చెందిన ఫార్ములాను వాడుతున్నారు. ఫలానా నంబరు సభ్యుడు, ఫలానా తేదీల మధ్య పోసిన పాలు ఎన్ని అని అడిగితే అది పట్టీ మొత్తం గాలించి కూడి ఇస్తుంది. సంవత్సరానికి 24 బిల్లులు, 120 మంది సభ్యులు - మొత్తం 2,880 గడులలో ఈ ఫార్ములా ఉంటుంది. ప్రతి గడీ 87,600 వరుసలను చూడాలి. హెచ్చించి చూస్తే 25 కోట్ల 22 లక్షల 88 వేల సార్లు చూడడం అవుతుంది. అదే పని ఒక్క బిల్లు కాలానికి మాత్రమే ప్రత్యేక పట్టీ ఉంటే ఎంతవుతుంది? 120 మంది, 3,600 వరుసలు - 4 లక్షల 32 వేలు. మొదటిదానిలో 584వ వంతు. కంప్యూటరు లోలోపల కొన్ని దగ్గరిదారులు తొక్కి కొంత శ్రమ తగ్గించుకోవచ్చు. అయినను పనుల మధ్య ఉన్న నిష్పత్తి ఇట్టిదేనని గ్రహించాలి.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. ఈ 2,880 గడులూ ఒకే లీటర్ల కాలమ్‌పై ఆధారపడినవి. ఫిబ్రవరి నెలలో ఒక సభ్యురాలి సాయంత్రపు పాలను 3.5 నుండి 3.6 లీటర్లుగా సరిదిద్దితే, ఏప్రిల్ నాటి బిల్లులు సహా అన్ని గడులూ "నాలో ఏమైనా మారిందా?" అని మళ్ళీ మొదటి నుండి గాలించవలసి వస్తుంది. ఎప్పుడో చెల్లించి, సంతకాలు తీసుకొని, దస్త్రంలో పెట్టిన బిల్లు కోసం ఈ శ్రమ అంతా.

ఇంతకన్న బరువైన ఫార్ములా ఇంకొకటున్నది. అది చూడడానికి అమాయకంగా కనిపిస్తుంది. "ఈ రోజు వరకు మొత్తం పాలు" అనే కాలమ్‌లో మొదటి వరుస నుండి ప్రస్తుత వరుస వరకు కూడమని రాస్తారు. పదవ వరుసలో పది అంకెలు, వెయ్యవ వరుసలో వెయ్యి అంకెలు, 87,600వ వరుసలో 87,600 అంకెలు కూడాలి. ఈ కాలమ్ అంతటికీ కలిపి 383 కోట్ల 69 లక్షల 23 వేల 800 అంకెలు చదవవలసి వస్తుంది. మన పాత కార్యదర్శులు రిజిస్టరులో ఈ పని ఎట్లా చేసేవారు? ప్రతిరోజు మొదటి పేజీకి పోయి మొదటి నుండి కూడేవారా? నిన్నటి మొత్తం కింద నేటి పాలు వేసి కూడేవారు. పేజీ మారితే పై వరుసలో "ముందు పేజీ మొత్తం" అని వేసుకొనేవారు. షీటులో కూడా పై గడిలోని మొత్తానికి ఈ వరుసలోని లీటర్లు కలపమని రాస్తే, 383 కోట్ల పని 87,600 కూడికలతో తీరిపోతుంది. జవాబులో మాత్రం పైసా తేడా రాదు.

కనుక మేము చెప్పదలచిన ప్రధాన విషయం ఇది: తీరిపోయిన లెక్కను తీరిపోయిన లెక్కగానే ఉంచాలి. బిల్లు చెల్లించిన మరుక్షణం ఆ కాలపు ఫార్ములాలను తీసివేసి, వాటి స్థానంలో ఉత్త అంకెలు మిగల్చాలి. పని చాలా సులభం. బిల్లు కాలపు గడులన్నీ ఎంచుకొని కాపీ చేసి, అదే చోట "పేస్ట్ స్పెషల్" లోని "వాల్యూస్ ఓన్లీ" అనే దానిని నొక్కాలి. కంట్రోల్, షిఫ్ట్, వి - ఈ మూడు మీటలు కలిపి నొక్కినా అదే జరుగుతుంది. ఫార్ములా పోయి అంకె నిలుస్తుంది. దీనిని కార్యదర్శులు లెక్క "గడ్డకట్టించడం" అని పిలుచుకోవచ్చు. మాటకేమి, పెరుగు తోడుకొన్న తరువాత ఎవరూ గరిటె పెట్టి కలపరు.

ఈ పనికి కొందరు జంకుతున్నారు. ఫార్ములా పోతే రేపు లెక్క ఎట్లా వచ్చిందో ఎవరికి తెలుస్తుందని వారి అనుమానం. అనుమానం న్యాయమైనదే. అందుచేత గడ్డకట్టించే ముందు "ఫైల్" మెనూలో "మేక్ ఎ కాపీ" నొక్కి, ఫార్ములాలతో కూడిన ప్రతిని ఆ బిల్లు తేదీల పేరు పెట్టి వేరుగా భద్రపరచాలి. ఆడిటరు అడిగితే ఆ ప్రతిని తెరచి చూపవచ్చు. రోజువారీగా తెరిచే షీటులో మాత్రం అది ఉండరాదు.

వేగం ఒక్కటే అయితే దీనిపై ఇంతగా పట్టుబట్టేవారం కాదు. దీనికి డబ్బుతో కూడిన కారణం కూడా ఉన్నది. రేటు చార్టు మారినప్పుడు ఏమవుతుందో గమనించండి. జనవరి 1 నుండి వెన్న శాతంపై చెల్లించే రేటు పెరిగిందనుకుందాం. కార్యదర్శి చార్టు ట్యాబ్‌లో పాత రేటు చెరిపి కొత్త రేటు వేస్తాడు. ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు ఉన్న వరుసలలో ఫార్ములాలు సజీవంగా ఉంటే, అవన్నీ ఆ క్షణమే కొత్త రేటుకు మారిపోతవి. తొమ్మిది నెలల క్రితం బ్యాంకులో పడిన మొత్తం ఒకటి, ఇప్పుడు షీటు చూపే మొత్తం మరొకటి. సభ్యులకు సంఘం బాకీ పడినట్లు కనిపిస్తుంది. రేటు తగ్గినప్పుడైతే సభ్యులే సంఘానికి బాకీ పడినట్లు కనిపిస్తుంది. గ్రామంలో అది ఎంత తగవుకు దారి తీస్తుందో చెప్పనక్కరలేదు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ డబ్బు తినలేదు. చెల్లించిన లెక్కను సజీవంగా వదలినందువల్ల వచ్చిన అనర్థమిది. గడ్డకట్టిన లెక్కకు ఈ బెడద లేదు.

చెల్లింపు అయిన తరువాత పొరపాటు బయటపడితే? ఒక పూట పాలు వేరొకరి నంబరులో పడినవని తెలిస్తే, పాత బిల్లును తెరచి దిద్దకూడదు. రిజిస్టరు కాలంలో చేసినట్లే, వచ్చే బిల్లులో "సవరణ" అని ఒక వరుస వేసి, ఒకరికి తగ్గించి మరొకరికి కలపాలి. పాత పేజీ మీద చెరిపివేతలు ఉండకపోవడం కార్యదర్శికే రక్ష. ఎవరూ పొరపాటున దిద్దకుండా "డేటా" మెనూలోని "ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్" ద్వారా ఆ భాగానికి తాళం వేసుకోవచ్చు.

ఇంతకుముందు చెప్పిన సంవత్సరాంతపు మొత్తాలు, బోనస్ లెక్కలు ఎట్లా అని అడగవచ్చు. ప్రతి బిల్లు ముగియగానే సభ్యునికొక వరుస చొప్పున - నంబరు, లీటర్లు, చెల్లించిన మొత్తం - 120 వరుసలను "సారాంశం" అనే ట్యాబ్‌లోకి ఉత్త అంకెలుగా చేర్చాలి. సంవత్సరానికి అవి 2,880 వరుసలే. పోసిన పాలను బట్టి బోనస్ పంచడానికి ఈ 2,880 వరుసలు కూడితే చాలు. 87,600 వరుసల జోలికి పోనక్కరలేదు.

రేటు వెతికే ఫార్ములా విషయంలో కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. పొదుపుకు పోతే ఇక్కడే ప్రమాదమున్నది. గేదె పాలకు వెన్న 5.0 నుండి 10.0 వరకు, ఎస్.ఎన్.ఎఫ్. 8.0 నుండి 9.5 వరకు పదో వంతుల చొప్పున రేటు చార్టు ఉన్నదనుకుందాం. అది 51 వరుసలు, 16 కాలమ్‌లు, మొత్తం 816 రేట్లు. కొందరు ఈ 816 రేట్లను ఒకదాని కింద ఒకటి పొడుగ్గా రాసి, "వి-లుకప్" ఫార్ములాతో పై నుండి కిందికి వెతికిస్తున్నారు. సగటున ఒక్కొక్క పూటకు నాలుగు వందల పైచిలుకు పోలికలు. సంవత్సరానికి మూడున్నర కోట్ల పైమాట.

వెతకవలసిన అవసరమే లేదు. వెన్న 6.3 ఉన్నప్పుడు దాని వరుస ఎన్నవదో చూడకుండానే చెప్పవచ్చు. 6.3లో 5.0 తీసివేస్తే 1.3, పదితో హెచ్చిస్తే 13, ఒకటి కలిపితే 14. పద్నాలుగవ వరుస. ఎస్.ఎన్.ఎఫ్. 8.7 అయితే ఇదే విధంగా ఎనిమిదవ కాలమ్. చార్టును అడ్డం నిలువుగా ఉంచి, "ఇండెక్స్" ఫార్ములాకు పద్నాలుగవ వరుస, ఎనిమిదవ కాలమ్ అని చెబితే నేరుగా ఆ గడికి పోయి రేటు తెస్తుంది. గోడ గడియారం చూసి గంట చెప్పడానికి ఒకటి నుండి ఎవరూ లెక్కపెట్టరు గదా.

ప్రమాదం ఎక్కడ అంటే - కంప్యూటరు దశాంశాలను మన పది అంకెల పద్ధతిలో కాక రెండంకెల పద్ధతిలో దాచుకొంటుంది. మూడింట ఒక వంతును మనం దశాంశాలలో పూర్తిగా రాయలేనట్లే, అది 5.3ను పూర్తిగా రాయలేదు. 5.3లో 5 తీసి పదితో హెచ్చిస్తే 3 రావలసిన చోట 2.9999... అని మూడుకు వెంట్రుకవాసి తక్కువగా రావచ్చును. "ఇండెక్స్" ఆ భిన్నాన్ని కత్తిరించి పై వరుసకు పోతే, 5.3 వెన్న తెచ్చిన సభ్యురాలికి 5.2 రేటు పడుతుంది. లీటరుకు పడే తేడా పైసలలోనే ఉండవచ్చు. కాని ప్రతి పూటా, అదే వెన్న శాతం వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఎవరి కంటా పడకుండా అది జరుగుతుంది. కనుక హెచ్చించిన తరువాత తప్పనిసరిగా "రౌండ్" ఫార్ములాలో పెట్టి పూర్ణాంకం చేసిన తరువాతనే ఒకటి కలపాలి. ఈ మార్పు చేసిన సంఘాలు 5.0 నుండి 10.0 వరకు 51 వెన్న శాతాలనూ ఒక్కొక్కటిగా వేసి, కాగితపు చార్టుతో సరిచూసుకొన్న తరువాతనే వాడకంలో పెట్టాలి. గంటసేపు పట్టే పని అయినను వదలకూడదు. చార్టు పరిధికి బయట పడే అంకెలు, అనగా 4.9 వంటివి వచ్చినప్పుడు ఏమి చూపాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి.

ఎస్.ఎన్.ఎఫ్. లెక్క కూడా ఇటువంటిదే. లాక్టోమీటరు రీడింగు, వెన్న శాతం కలిపి వేసే సూత్రం ఒక్కొక్క వరుసకు ఒక్కసారి నడిస్తే చాలు. ఎస్.ఎన్.ఎఫ్. కాలమ్‌లో ఒకసారి, రేటు కాలమ్‌లోపల మరొకసారి, మొత్తం కాలమ్‌లో ఇంకొకసారి అదే సూత్రాన్ని ఇరికించి రాసిన షీట్లు ఉన్నవి. ఒకచోట లెక్కించి, మిగతాచోట్ల ఆ గడిని చూపితే సరిపోతుంది. చదవడానికీ సుఖం.

చిన్న చిన్న బరువులు కొన్ని ఉన్నవి. "నౌ", "టుడే" అనే ఫార్ములాలు షీటు కదిలినప్పుడల్లా తిరిగి లెక్కించుకొంటవి. "ఇండైరెక్ట్", "ఆఫ్‌సెట్" కూడా ఆ కోవకు చెందినవే. నేటి తేదీ కావలసివస్తే పైన ఒక్క గడిలో వేసుకొని అందరూ దానినే చూడాలి గాని ప్రతి వరుసలోను "టుడే" రాయకూడదు. "ఫైల్", "సెట్టింగ్స్", "కాల్క్యులేషన్" లోకి పోయి, నిమిష నిమిషానికి తిరిగి లెక్కించే ఏర్పాటు ఉన్నదేమో చూసి, మార్పు జరిగినప్పుడు మాత్రమే లెక్కించే "ఆన్ చేంజ్" అనే దానికి మార్చుకోవాలి. వెన్న తక్కువైతే ఎరుపు, ఎక్కువైతే ఆకుపచ్చ అని కాలమ్ మొత్తానికి వేసిన రంగుల నియమాలు కూడా భారమే. ప్రస్తుత బిల్లు వరకే ఉంచుకొంటే చాలు. ఖాళీ వరుసలను తొలగించాలి. కొత్త షీటులోనే వేయి వరుసలు, 26 కాలమ్‌లు ఉంటవి. మనం వాడకపోయినా ఆ ఖాళీ గడులు లెక్కలోకి వస్తవి.

ఇతర ఫైళ్ళ నుండి అంకెలు తెచ్చే "ఇంపోర్ట్‌రేంజ్" గురించి యూనియన్, బల్క్ కూలింగ్ కేంద్రాల సిబ్బంది ప్రత్యేకంగా గమనించాలి. ఎనిమిది సంఘాల సంవత్సరపు వరుసలన్నిటినీ ఒకే ఫైలులోకి లాగితే 98 లక్షల గడులు దాటి, కోటి పరిమితి అంచుకు చేరుతుంది. అంత దూరం పోకముందే ఫైలు కదలడం మానుతుంది. కేంద్రానికి కావలసినది ప్రతి సభ్యుని ప్రతి పూట పాలు కాదు, సంఘంవారీ మొత్తాలు. కనుక ప్రతి సంఘమూ తన సారాంశపు ట్యాబ్‌ను సిద్ధంగా ఉంచాలి, కేంద్రం దానిని మాత్రమే తెచ్చుకోవాలి. ఒక ఫైలు నుండి రెండవది, రెండవదాని నుండి మూడవది తెచ్చుకొనే గొలుసులు పెట్టుకోకూడదు. గొలుసులో ఒక్క లంకె ఆగితే చివరి ఫైలులో "లోడింగ్" అన్న మాట తప్ప అంకె కనిపించదు.

తెచ్చిన అంకెలను జోడించడానికి ఊరు పేరు, జిల్లా పేరు ఆధారం చేసుకొన్నవారు ఇప్పటికే ఒకసారి ఇబ్బంది పడి ఉంటారు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో కలిసినవి. 1956 నాటి సహకార సంఘంతోను, మహిళల స్వకృషి డెయిరీతోను పేరుపొందిన ముల్కనూరునే తీసుకోండి. భీమదేవరపల్లి మండలంలోని ఈ గ్రామం కరీంనగర్ జిల్లా నుండి వరంగల్ అర్బన్ జిల్లాకు మారింది. 2021లో ఆ జిల్లా పేరే హనుమకొండ అయింది. ఐదేళ్ళలో మూడు పేర్లు. "ఆసిఫాబాద్" అనే పేరును నలుగురు నాలుగు విధాలుగా రాస్తారన్నది వేరే సంగతి. సంఘానికొక కోడు, సభ్యునికొక నంబరు ఉంటే పేర్లు ఎన్నిసార్లు మారినా జోడింపు చెడదు. అంకెలను పోల్చడం కూడా తేలిక. పేరును బిల్లు ముద్రించే చోట మాత్రమే తెచ్చుకోవాలి.

ఉట్నూరు, జైనూరు, కెరమెరి వంటి కొండ ప్రాంతపు మండలాలలో నెట్టు సమస్య నిజంగానే ఉన్నదని మాకు తెలుసు. లోపం నెట్టుదా, షీటుదా అని తేల్చుకొనే ఉపాయం ఒకటి చెబుతాము. అదే ఫోనుతో లేక అదే కంప్యూటరుతో ఒక ఖాళీ షీటు తెరచి చూడండి. అది వెంటనే తెరుచుకొని, పాల షీటు మాత్రం తిప్పలు పెడితే లోపం షీటుదే. రెండూ తెరుచుకోకపోతే నెట్టుది. నెట్టు బలహీనంగా ఉన్నచోట చిన్న షీటు మరింత అవసరం. దించుకోవలసిన సరుకు తక్కువ కావాలి గదా. పాలు పోసే చోట వాడే ఫోనులో ప్రస్తుత బిల్లుకు చెందిన 3,600 వరుసల ఫైలు మాత్రమే ఉంచి, దానిని ఆఫ్‌లైన్‌లో తెరిచే ఏర్పాటు చేసుకొంటే, సిగ్నలు లేని పూట నమోదు చేసినవి సిగ్నలు వచ్చిన తరువాత చేరుకొంటవి. ఏ పూటకు ఆ పూట చీటీ ఇవ్వడం మాత్రం మానకూడదు.

షీటును దించుకొని పాత కంప్యూటరులో తెరిచేవారికి ఒక హెచ్చరిక. ఎక్సెల్ పాత రకం ఫైలు, అనగా 2007కు ముందటి రకం, 65,536 వరుసలకు మించి పట్టదు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు, అక్టోబరు నెలల మధ్య సుమారు 16 వేల కోవిడ్ కేసులు ఈ కారణంగానే ప్రభుత్వపు లెక్కలోకి రాకుండా పోయినవి. పాత రకం ఫైలు నిండిపోగా మిగిలిన వరుసలు రాలిపోయినవి. మన 120 మంది సంఘపు సంవత్సరపు పట్టీ 87,600 వరుసలు. ఏప్రిల్ 1న మొదలైన ఆ పట్టీని పాత రకం ఫైలులో దాస్తే డిసెంబరు 29 వరకే పూర్తిగా నిలుస్తుంది. ఆ తరువాతి మూడు నెలల పాలు అందులో ఉండవు. బిల్లువారీ ఫైళ్ళు ఉంచుకొన్నవారికి ఈ ప్రసక్తే రాదు.

ఈ మార్పులన్నీ ఒక్కనాడే తలపెట్టవద్దని మా సలహా. బిల్లు ముగిసిన మరునాడు, అనగా 1వ తేదీన గాని 16వ తేదీన గాని మొదలుపెట్టడం మంచిది. పది రోజుల బిల్లు పద్ధతి ఉన్న సంఘాలు తమ తేదీల ప్రకారం మార్చుకోవచ్చు. ముందుగా షీటు తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతున్నదో గడియారం చూసి రాసుకోండి. తరువాత మొత్తం ఫైలుకు ఒక ప్రతి తీసి, మార్పులు ఆ ప్రతిలోనే చేయండి. మొదట పాత బిల్లులు గడ్డకట్టించి మళ్ళీ సెకన్లు చూడండి. చాలా సంఘాలకు ఇక్కడితోనే పని తీరిపోవచ్చును. తీరకపోతే "ఈ రోజు వరకు మొత్తం" కాలమ్‌ను, ఆ తరువాత రేటు వెతికే పద్ధతిని మార్చండి. ఒక పూర్తి బిల్లును పాత షీటులోను, కొత్త ప్రతిలోను సమాంతరంగా నడిపి, 120 మంది మొత్తాలనూ ఒకరి తరువాత ఒకరిని సరిచూడాలి. సంఘం మొత్తం కలిసినంత మాత్రాన తృప్తి పడవద్దు. ఒకరికి తగ్గి మరొకరికి పెరిగినా ఆ మొత్తం కలుస్తుంది. ప్రతి సభ్యుని అంకె కలిసిన తరువాత పాత షీటుకు తాళం వేసి, కొత్తదాని లింకును పాల పరీక్షకునికి, అధ్యక్షులకు, కేంద్రానికి పంపాలి. పాత లింకు ఎవరి ఫోనులోనూ మిగలకుండా తీసివేయించాలి, లేనియెడల మరుసటి పూట పాలు రెండు చోట్ల నమోదవుతవి.